వయసెరిగి వంపాలి

బోర్డో ఎర్ర వైన్‌లలో కొన్ని పదేళ్లకు పక్వానికి వస్తాయి. ఇంకొన్ని ముప్పై ఏళ్లు దాటినా చెక్కుచెదరవు. అలాంటి సీసాను ఎలా దాచాలి? ఎప్పుడు తెరవాలి? గ్లాసులో పోశాక ఏం చూడాలి? ఈ పద్ధతులన్నిటికీ కారణాలున్నాయి. వాటిని తెలుసుకుంటే మిగతాదంతా తేలికే.

బల్ల మీద రెండు సీసాలున్నాయనుకోండి. రెండూ ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పొయాక్ ఊరివి, ఒకే తోటవి. ఒకటి 2016 పంట, రెండోది 1996 పంట. మొదటిదాన్ని భోజనానికి రెండు గంటల ముందే తెరిచి, వెడల్పాటి గాజు కూజాలోకి ధారాళంగా వంపేసి గాలి తగలనివ్వాలి. రెండోదానికి అదే మర్యాద చేస్తే పాడుచేసినట్టే. దాన్ని కుదపకుండా తెచ్చి, అతిథులంతా కూర్చున్నాకే తెరవాలి. తోట మారలేదు, ద్రాక్ష మారలేదు. మధ్యలో గడిచిన ఇరవై ఏళ్లే ఈ తేడా అంతా తెచ్చాయి.

పెద్ద హోటళ్లలో వైన్ వడ్డించే తీరు చూసినవారికి అదో తతంగంలా కనిపిస్తుంది. బిరడా తీసి చూపించడం, కొంచెం పోసి రుచి చూడమనడం, గ్లాసును గుండ్రంగా తిప్పడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం... వీటిలో ఏదీ ఉత్తుత్తి పని కాదు. కారణం తెలియకుండా చేసినప్పుడే అది తతంగమవుతుంది. తెలిసినవారు ముందు సీసా వయసు చూస్తారు, దానికి ఏం కావాలో అంతవరకే చేస్తారు. పాత వైన్ విషయంలో నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఇదే.

గులకరాళ్ల గడ్డ

గరోన్, దోర్దోన్ నదులు బోర్డో నగరానికి ఉత్తరాన కలిసి, జిరోంద్ పేరుతో అట్లాంటిక్ సముద్రంలోకి వెళతాయి. ఆ జిరోంద్‌కు ఎడమ ఒడ్డున ఉన్న సన్నటి నేల పేరు మెడోక్. పొయాక్, మార్గో, సాన్-జూలియెన్, సాన్-తెస్తెఫ్ ఊళ్లు ఇక్కడివే. ఒకప్పుడు ఇందులో చాలా భాగం చిత్తడి. 17వ శతాబ్దంలో డచ్చి ఇంజనీర్లు కాలువలు తవ్వి నీళ్లు బయటికి పంపాక, గులకరాళ్ల మెరకలు ద్రాక్ష తోటలకు అక్కరకొచ్చాయి. ఆ రాళ్లలో నీరు నిలవదు. పగలు ఎక్కిన వేడిని రాళ్లు రాత్రిపూట మెల్లగా వదులుతాయి. ఆలస్యంగా పండే కాబెర్నే సొవిన్యోన్ రకానికి అలాంటి పొడి, వెచ్చటి నేల బాగా నప్పుతుంది.

ఈ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, గుజ్జుతో పోలిస్తే గింజల పాలు ఎక్కువ. వైన్‌కు వగరునూ ఆయుష్షునూ ఇచ్చే టానిన్లు ఉండేది తొక్కలోనూ గింజల్లోనూ. కాబెర్నే ఫ్రాన్ అనే ఎర్ర రకం, సొవిన్యోన్ బ్లాన్ అనే తెల్ల రకం సహజంగా సంకరమై ఈ ద్రాక్ష పుట్టిందని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) శాస్త్రవేత్తలు జాన్ బవర్స్, కరోల్ మెరిడిత్ డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చారు. మెడోక్ వైన్‌లో కాబెర్నేకు తోడుగా మెత్తదనం కోసం మెర్లో కలుపుతారు. కాబెర్నే ఫ్రాన్, పెతీ వెర్దో కూడా కొద్దిపాళ్లలో చేరుతుంటాయి.

1855లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం, మూడో నెపోలియన్ ఏలుబడిలో, బోర్డో దళారులు తమ ప్రాంతపు షాటోలను (వైన్ తయారుచేసే తోటలను) అయిదు తరగతులుగా వరుస పెట్టారు. అప్పటిదాకా మార్కెట్లో పలికిన ధరలే వారికి కొలబద్ద. లఫీత్, లాటూర్, మార్గో, ఓ-బ్రియోన్ మొదటి తరగతిలో నిలిచాయి. తర్వాత ఆ పట్టికలో జరిగిన పెద్ద మార్పు ఒక్కటే. 1973లో, జాక్ షిరాక్ వ్యవసాయ మంత్రిగా ఉండగా, మూతోన్ రోత్‌షీల్డ్‌ను రెండో తరగతి నుంచి మొదటి తరగతికి పెంచారు. దాని కోసం దశాబ్దాలపాటు పట్టుబట్టిన యజమాని బారన్ ఫిలిప్ దె రోత్‌షీల్డ్ మరో మంచి పని కూడా చేశారు. అంతకుముందు వైన్‌ను పీపాల్లోనే వర్తకులకు అమ్మేవారు, సీసాల్లో నింపడం వారి గోదాముల్లో జరిగేది. ఆయన 1924 నుంచి మొత్తం వైన్‌ను తోటలోనే సీసాల్లో నింపించడం మొదలుపెట్టారు. కాలక్రమంలో మిగతా షాటోలూ అదే దారి పట్టాయి. ఇవాళ సీసా మీది పేరును కొనేవారు నమ్మగలుగుతున్నారంటే ఆ మార్పు పుణ్యం చాలా ఉంది.

సీసా లోపల జరిగేది

ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు. రంగు, వగరు అక్కడి నుంచే రసంలోకి దిగుతాయి. తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో సుమారు ఏడాదిన్నర ఉంచుతారు. వైన్‌ను తేటపరచడానికి ఒక్కో పీపాలో అయిదారు గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి కలపడం ఇక్కడి పాత పద్ధతి. తెల్లసొనలోని ప్రొటీన్ గరుకైన టానిన్లను పట్టుకుని అడుగుకు చేరుతుంది. మన నోట్లో జరిగేదీ అదే. లాలాజలంలోని ప్రొటీన్లను టానిన్లు పట్టేసుకుంటాయి. నోటి జిగట పోయి నాలుక ఎండినట్టు, చిగుళ్లు బిగిసినట్టు అవుతాయి. లేత పొయాక్ వైన్ తాగినవారు మొదట ఫిర్యాదు చేసేది ఈ వగరు గురించే.

సీసాలో ఏళ్లు గడిచే కొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కూడా అతుక్కుంటూ పెద్దవవుతాయి. బాగా పెద్దవయ్యాక కరిగి ఉండలేక మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందుకే పాత వైన్ వగరు తగ్గి మెత్తబడుతుంది, రంగు పలచనవుతుంది, సీసాలో మడ్డి చేరుతుంది. ఈ మూడూ ఒకే మార్పుకు మూడు గుర్తులు. ఊదా ఛాయ ఉన్న ముదురు ఎరుపు మెల్లగా కెంపు రంగుకు, తర్వాత గోమేధికానికి, చివరికి ఇటుక రంగుకు వస్తుంది. వాసనలూ మారతాయి. మొదట్లో నల్ల పళ్లు, ఓక్ చెక్క ఇచ్చే వెనిలా, లవంగం వాసనలు ముందుకొస్తాయి. పదిహేను, ఇరవై ఏళ్లకు దేవదారు చెక్క, తోలు, తడిసిన ఎండుటాకులు, పుట్టగొడుగుల వాసనలు వాటి చోటు తీసుకుంటాయి.

వైన్ ముదరడంలో ప్రాణవాయువు పాత్రను శాస్త్రీయంగా వివరించినవాడు లూయీ పాశ్చర్. మూడో నెపోలియన్ కోరిక మీద వైన్ రోగాలపై పరిశోధన మొదలుపెట్టి, 1866లో ఆ ఫలితాలను పుస్తకంగా తెచ్చాడు. గాలి కొంచెం కొంచెంగా అందితే వైన్ ముదురుతుంది, ఒక్కసారిగా ఎక్కువ తగిలితే చెడుతుంది. ఈ సూత్రం గుర్తుంటే వడ్డన నియమాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

ఒక అపోహ తీర్చుకోవాలి. పాతబడితే ఏ వైనైనా బాగుపడుతుందన్నది నిజం కాదు. బోర్డోలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం నాలుగైదేళ్లలో తాగేయడానికి చేసిందే. దండిగా టానిన్లు, తగినంత పులుపు, చిక్కటి పండు రుచి ఈ మూడూ మొదటి నుంచీ ఉన్న వైన్‌కే కాలం మేలు చేస్తుంది. పుట్టుకలో లేని గుణాన్ని ఏ నేలమాళిగా తెచ్చిపెట్టదు.

దాచే చోటే సగం రుచి

అలాంటి వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడైన చల్లదనం, చీకటి, కొంత తేమ కావాలి. సీసాను పడుకోబెట్టి ఉంచాలి. అప్పుడు బిరడా తడిగా ఉండి గాలిని ఆపుతుంది. 750 మిల్లీలీటర్ల మామూలు సీసా కంటే 1.5 లీటర్ల మాగ్నమ్ నెమ్మదిగా ముదురుతుంది. రెండింటిలోనూ బిరడా దగ్గర చేరే గాలి ఇంచుమించు ఒకటే, వైన్ మాత్రం రెట్టింపు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న బంధువులకు విదేశాల నుంచి కానుకగా వచ్చిన సీసా సాధారణంగా ఎక్కడికి చేరుతుంది? హాల్లోని షోకేసులోకి, లైటు కింద, నిటారుగా. మూడు వేసవులు అక్కడ గడిపితే ఎంత గొప్ప వైనైనా ఉడికిపోతుంది. పండు రుచి చచ్చి, జామ్ వాసన వస్తుంది. బిరడా కొంచెం పైకి లేచి ఉన్నా, మూత రేకు కింద జిగటగా తగిలినా ఆ సీసా ఎండదెబ్బ తిన్నదని అర్థం. ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే వైన్ అలమర లేని ఇంట్లో ఇలాంటి సీసాను ఏళ్ల తరబడి దాచాలనుకోవడం అనవసరం. మన ఎండల్లో దాన్ని త్వరగా మంచి విందుకు తెరవడమే న్యాయం.

విందుకు రెండు రోజుల ముందు

పాత సీసాను కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజుల ముందు నిలబెట్టాలి. పక్కకు పేరుకున్న మడ్డి జారి అడుగుకు చేరడానికి ఆ సమయం కావాలి. ఆ తర్వాత సీసాను అటూ ఇటూ కదపకూడదు.

రెండోది వేడి. ఎర్ర వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట చలికాలపు పాత ఫ్రెంచి ఇళ్లను చూసి పుట్టింది. ఆ గదుల వేడి 16 నుంచి 18 డిగ్రీలకు మించేది కాదు. ముదురు బోర్డోకు ఇవాళ్టికీ అదే సరైన కొలత. 28 డిగ్రీల గదిలో అలాగే పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి, మిగతా వాసనలన్నీ దాని వెనక పడిపోతాయి. మరీ చల్లగా ఉంటే వాసనలు ముడుచుకుపోయి వగరు రెట్టింపవుతుంది. మన ఇళ్లలో సీసాను అరగంట ఫ్రిజ్‌లో నిలబెట్టి తీస్తే పని జరుగుతుంది. కొంచెం చల్లగా పోయడమే మేలు, ఎలాగూ గ్లాసులో వేడెక్కుతుంది.

తెరిచేటప్పుడు మూత రేకును మెడ కింద అంచు వరకూ కోసి తీసేయాలి. సీసా మూతిని తడిబట్టతో తుడవాలి. ఇరవై ఏళ్లు దాటిన బిరడా పొడిపొడిగా రాలిపోవచ్చు. మరచుట్టు ఉన్న మామూలు బిరడా తీసే పరికరం దాన్ని మధ్యలో తొలిచేస్తుంది. అందుకే పాత సీసాలకు రెండు సన్నటి ఉక్కు రేకులుండే పరికరం వాడతారు. రేకులను బిరడాకు రెండు పక్కలా దించి, మెల్లగా తిప్పుతూ పైకి లాగుతారు. అంత జాగ్రత్తపడినా బిరడా విరిగితే కంగారు అక్కర్లేదు. వడగట్టుకుంటే చాలు, రుచికి వచ్చే నష్టం లేదు.

వెలుగుకు ఎదురుగా

కూజాలోకి వంపడం చూడ్డానికి అందమైన పని, చేయడానికి ఓపిక కావాలి. డికాంటర్ అనే ఈ గాజు కూజాను వేడినీళ్లతో కడిగి, సబ్బు వాసన గానీ బీరువా వాసన గానీ లేకుండా ఆరబెట్టాలి. బల్ల మీద కొవ్వొత్తి వెలిగించాలి, ఫోన్ టార్చి అయినా సరే. సీసా మెడ సరిగ్గా ఆ వెలుగు మీదుగా వచ్చేలా పట్టుకుని, డికాంటర్ లోపలి అంచు మీదుగా సన్నటి ధార జారవిడవాలి. ఒకసారి మొదలుపెట్టాక చేయి ఆగకూడదు. ఆగితే వెనక్కి వెళ్లిన వైన్ అడుగును కలిపేస్తుంది. మెడలోంచి మొదట తేటగా ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. సీసా ఖాళీ అవుతుండగా భుజం దగ్గర నల్లటి నూగు కదలడం మొదలవుతుంది. బోర్డో సీసాకు ఉన్న ఎత్తైన భుజాలు ఆ మడ్డిని కాసేపు ఆపుతాయి. నూగు మెడలోకి అడుగుపెట్టగానే చేయి ఎత్తేయాలి. అడుగున రెండు గుక్కలు మిగిలిపోతే పోనివ్వండి. ఆ రెండు గుక్కల కోసం కక్కుర్తి పడితే కూజా మొత్తం మసకబారి చేదెక్కుతుంది.

ఎంత ముందుగా వంపాలన్న ప్రశ్న మీద నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదు. 20వ శతాబ్దంలో బోర్డో వైన్ తయారీ తీరునే మార్చిన శాస్త్రవేత్త ఎమీల్ పెయ్నో (1912-2004) దీని మీద గట్టిగా మాట్లాడారు. మడ్డి ఉంటేనే వంపండి, అదీ వడ్డించే ముందే చేయండి అన్నది ఆయన వాదం. ఎక్కువసేపు గాలి తగిలితే సున్నితమైన వాసనలు పోతాయి, పోయినవి తిరిగి రావు. గాలి చాలదనిపిస్తే గ్లాసులో తిప్పుకోవచ్చు కదా అనేవారు. ముప్పై ఏళ్ల సీసా విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. చాలా పాత వైన్ కూజాలో పడ్డ అరగంటలోనే నీరసపడిపోవడం కద్దు. లేత వైన్ విషయంలో మాత్రం ఆచరణ వేరే దారి పట్టింది. పదేళ్లలోపు మెడోక్‌ను ఒకటి రెండు గంటల ముందే వంపుతారు, అప్పుడు మూసుకున్న వాసనలు తెరుచుకుని వైన్ కాస్త మెత్తగా తోస్తుంది. ఈ రెండూ పరస్పర విరుద్ధమైన సలహాలు కావు, రెండు వేర్వేరు వయసులకు చెప్పిన సలహాలు.

బిరడా తీసి ఊరికే వదిలేయడం మాత్రం ఎవరికీ ఉపయోగపడదు. సీసా మెడలోంచి గాలి తగిలేది పావలా కాసంత మేరకే.

గ్లాసు ముందు

గ్లాసు సాదాగా, పలచగా, కింద వెడల్పై పైకి వచ్చేసరికి ముడుచుకునేలా ఉండాలి. మూడో వంతుకు మించి పోయకూడదు. మిగతా చోటు వాసనలది. 750 మిల్లీలీటర్ల సీసా ఎనిమిది మందికి రుచి చూపించడానికి సరిపోతుంది.

ముందు చూడండి. తెల్లటి గుడ్డ మీద గ్లాసును వంచి, మధ్య రంగును, అంచు రంగును పోల్చండి. అంచు ఊదాగా ఉంటే లేత, ఇటుక రంగులోకి తిరిగి వెడల్పుగా పరుచుకుంటే ముదురు. గ్లాసు గోడ మీద జారే చారలను చూసి నాణ్యత చెప్పేవారిని నమ్మకండి. అవి ప్రధానంగా ఆల్కహాల్ ఆవిరయ్యే తీరును బట్టి ఏర్పడతాయి.

తర్వాత ముక్కు. తిప్పకుండా ఒకసారి, తిప్పి మరోసారి వాసన చూడండి. మొదట వెతకాల్సింది లోపాన్ని. తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గోనెసంచి వాసన వస్తే అది బిరడా దోషం. ట్రైక్లోరోఅనిసోల్ అనే రసాయనం దానికి కారణమని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హన్స్ టానర్ 1980ల తొలినాళ్లలో గుర్తించాడు. లీటరులో కొన్ని నానోగ్రాములు చాలు, వైన్ మూగబోతుంది. హోటల్లో ముందు కొంచెం పోసి రుచి చూడమనేది ఈ దోషం పట్టుకోవడానికే. నచ్చిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. దోషం లేదని తేలాక తీరిగ్గా వెతకండి. ఎండిన నల్ల పళ్లు, దేవదారు, తోలు... ముదిరిన పొయాక్‌లో తరచూ దొరికే పొగాకు వాసన ప్రకాశం జిల్లాలో ఆకు ఆరబెట్టే బ్యారన్ల పక్కన పెరిగినవారికి పట్టిచ్చినట్టు తెలుస్తుంది. కాల్చిన పొగ వాసన కాదు, పదునుపెట్టి మండె కట్టిన ఆకు వాసన.

ముక్కును కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2001లో ఫ్రెంచి పరిశోధకులు జిల్ మోరో, ఫ్రెడెరిక్ బ్రోషే, దెనీ దుబుర్దియే ఒక ప్రయోగం ప్రచురించారు. వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్‌ను వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి ఇస్తే, దాన్ని వారు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. రంగే అంత ప్రభావం చూపితే ధర, లేబుల్ ఎంత చూపుతాయో ఊహించుకోవచ్చు. లేబుల్ కనిపించకుండా రుచి చూడటం అందుకే మంచి అలవాటు.

ఆఖరికి నోరు. చిన్న గుక్క తీసుకుని, నాలుక మీదా చిగుళ్ల మీదా తిప్పండి. పులుపు పక్కల నుంచి నీరూరిస్తుంది. వగరు ఎక్కడ పట్టింది, గరుకుగా ఉందా, మెత్తటి పొడిలా పరుచుకుందా గమనించండి. మింగాక, లేదా నిపుణుల్లా ఉమ్మేశాక, వాసన నోట్లో ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టండి. ఫ్రెంచివారు ఒక్కో సెకనును ఒక్కో 'కోదలీ' అంటారు. గొప్ప వైన్‌కూ సాధారణమైనదానికీ తేడా ఎక్కువగా ఇక్కడే బయటపడుతుంది. గ్లాసును పక్కన పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. అదే వైన్ కొత్త వాసనలతో పలుకుతుంది.

పక్కన ఏం పెట్టాలి

పొయాక్ గొర్రెపిల్ల మాంసానికి కూడా పేరున్న ఊరు. ద్రాక్ష కొమ్మల నిప్పుల మీద మాంసం కాల్చుకోవడం బోర్డోవాసుల ఇష్టమైన వంట. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు టానిన్లను తమవైపు లాక్కుంటాయి, వైన్ మెత్తగా తోస్తుంది. లేత వైన్‌కు అలాంటి కొవ్వున్న మాంసం కావాలి. పాతదానికి సాదా వేపుడు, పుట్టగొడుగులు, గట్టి చీజ్ చాలు. మన కారానికీ దీనికీ పడదు. మిరపకాయ మంట ఆల్కహాల్ ఘాటును పెంచుతుంది, వగరును చేదు చేస్తుంది. గుంటూరు కారం దట్టించిన కూర పక్కన ముప్పై ఏళ్ల పొయాక్ పెడితే రెండూ నష్టపోతాయి. కారం తగ్గించి, ఉప్పు, మిరియాలతో కాల్చిన మాంసం ఉంటే ఆ సీసాకు న్యాయం జరుగుతుంది.

ఇది మద్యమేనన్న సంగతీ మరవకూడదు. ఇందులో సుమారు 13 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పాత సీసాను తెరిచేది నలుగురూ కలిసి కొంచెం కొంచెం రుచి చూడటానికి. తాగినవారు బండి నడపకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటి తరగతి షాటోల ధరలు సామాన్యుడికి అందనివి, నేర్చుకోవడానికి వాటి అవసరమూ లేదు. 1855 జాబితాకు బయట ఉన్న 'క్రూ బూర్జువా' తోటల్లో పదేళ్లు నిలిచే వైన్‌లు దొరుకుతాయి. పంట ఏడు చూసి ఎంచుకోవాలి. మెడోక్‌లో 2005, 2010, 2016 దీర్ఘాయుష్షున్న పంటలు. వాటిలో గొప్ప పేరున్నవి ఇంకా తొందరపడకూడని వయసులోనే ఉన్నాయి. అంతగా పేరు రాని ఏడాది వైన్ త్వరగా పక్వానికి వస్తుంది, ధరా తగ్గుతుంది, కాబట్టి ఈ వారమే విందు ఉంటే అదే సరైన ఎంపిక.

ఫ్రాన్స్‌లోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగువారికి, చల్లటి చోటు ఉంటే, ఒక మంచి మార్గముంది. ఒకే తోట, ఒకే పంట సీసాలు ఆరు కొనుక్కోండి. రెండు మూడేళ్లకొకటి తెరవండి. తేదీ, రంగు, వాసన, వగరు ఒక పుస్తకంలో రాసుకోండి. మొదటి సీసాకు ఎంతసేపు గాలి కావాల్సి వచ్చిందో, నాలుగోదానికి ఎంత తగ్గిందో మీ రాతలోనే కనిపిస్తుంది. ఆరో సీసా దగ్గరికి వచ్చేసరికి ఎలా వడ్డించాలో ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.